మూసే బ్రాకెట్‌కి ఒక పేరు

ఆఫీసులో అందరూ అతన్ని నిదానం అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడికి గురి బాగా ఉంది. మిగతావాళ్ళు పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి తేల్చేసే పని ఇతను సాయంత్రానికి గానీ తెమిల్చేవాడు కాదు. కాకపోతే తెమిల్చింది మళ్ళీ తిరిగొచ్చేది కాదు. "నిదానమే ప్రధానం అన్నారు కదండీ" అని ఎవరైనా వెనకేసుకొస్తే, "ప్రధానం సరేనయ్యా, ముందు పూర్తి కానివ్వు" అని ఇంకొకరు అంటించేవారు. అతనూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. నాలుక లేకేం, ఉంది. ఆడాల్సిన ఒక్క చోట ఆడలేదు, అంతే. ఆ ఒక్క చోటు గురించే ఈ కథంతా.

అతనికి ప్రోగ్రాములు రాయడం నేర్పింది సొంత అక్క మొగుడు. డిగ్రీ తప్పి, ఒక గోడౌనులో సరుకుల వివరాలు టైపు చేసుకుంటున్న బావమరిదిని చూసి, "వీడి వేళ్ళు బాగానే ఆడుతున్నాయి, బుర్ర కూడా ఆడుతుందేమో చూద్దాం" అన్నాడట బావ. సాయంత్రాలు భోజనాల బల్ల మీద గిన్నెలు పక్కకి జరిపి, పాత కంప్యూటరొకటి పెట్టి పాఠం మొదలుపెట్టేవాడు.

"క్లాసంటే అచ్చురా. ఆబ్జెక్టంటే ఆ అచ్చులోంచి తీసిన బొమ్మ. డ్రైవరని ఒక అచ్చు చేశావనుకో. డ్రైవరుకి ఏముంటాయి, డ్రైవరు ఏమేం చేస్తాడు, అన్నీ అందులోనే ఉండాలి. వాడి పని తీసుకెళ్ళి పక్కింటివాడి చేతిలో పెట్టకూడదు. అర్థమైందా?"

"ఆఁ, బావా."

"ఏమర్థమైంది?"

"మళ్ళీ చెప్పు బావా."

అక్క పగలబడి నవ్వేది. ఆ ముక్క అతని బుర్రకెక్కడానికి ఒక ఎండాకాలం పట్టింది. ఎక్కిన తర్వాత మాత్రం దిగలేదు. బావ తన సంస్థలోనే అతన్ని చేర్పించాడు. చేర్పించి, "నా పరువు నీ చేతిలో ఉంది, కాస్త మెల్లగా పట్టుకో" అన్నాడు. మెల్లగా పట్టుకోవడం అతనికి బాగా వచ్చు.

ఆ సంస్థ బస్సు డిపోలకి డ్యూటీ పట్టికలు వేసే సాఫ్ట్‌వేర్ తయారుచేసేది. దాన్ని రాసే కంప్యూటర్ భాష కూడా అక్కడే పుట్టింది. మొదట ఇంటి వాడకానికని చేసుకున్నారు, తర్వాత బయటి సంస్థలూ తీసుకున్నాయి. దాంతో ఆ భాషలో కొత్తగా ఏది చేర్చాలన్నా తొమ్మిదిమంది కమిటీ ఒప్పుకోవాలని నియమం పెట్టుకున్నారు. కమిటీ అనగానే మీరు ఆవులిస్తారని తెలుసు. ఇది అలాంటిది కాదు. ఇక్కడ ఒక వింత పద్ధతి ఉండేది. ఎవరు ఏ ప్రతిపాదన తెచ్చినా, దాన్ని వ్యతిరేకించడానికి కమిటీలోంచి ఒకరి పేరు చీటీ తీసేవారు. ఆ ప్రతిపాదన అతనికి ప్రాణం లేచొచ్చేంత నచ్చినా సరే, చీటీ పడ్డాక శత్రువులాగే మాట్లాడాలి. ఎందుకంటే భాషలోకి ఒకసారి వచ్చింది మళ్ళీ పోదు. దాన్ని నమ్ముకుని ఎక్కడో ఎవరో ప్రోగ్రాములు రాసేసి ఉంటారు, తీసేస్తే వాళ్ళ కొంప మునుగుతుంది. "పెళ్ళికైనా విడాకులున్నాయి, దీనికి లేవు" అనేది అధ్యక్షురాలు.

వ్యతిరేకించేవాడు చివర్లో ఒక ప్రశ్న తప్పనిసరిగా అడగాలి. "ఇది లేకపోతే ఎవరి పని ఆగిపోతుంది? ఒక మనిషిని చూపించండి." ఉండొచ్చు, రావచ్చు, కావచ్చు అన్న మాటలు అక్కడ చెల్లవు. ఊరూ పేరూ ఉన్న మనిషి కావాలి. ఆ ప్రశ్నని నియమాల్లో పెట్టించింది బావే. కమిటీ మొదలైన రోజు నుంచీ అతను అందులో ఉన్నాడు. ఎదుటివాడి ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో కుర్చీలోంచి లేవకుండా చెప్పేవాడు. అతను తలుపు తీసుకుని గదిలోకి వస్తే కుర్రకారు కాళ్ళు ముడుచుకుని కూర్చునేవారు.

అలాంటి మనిషికి చూపు నడిమధ్య నుంచి పోవడం మొదలైంది.

మొత్తం చీకటైపోలేదు. అదైతే అందరికీ తెలిసిపోయేది. చుట్టూ ఉన్నది కనబడుతుంది, సూటిగా చూసింది కనబడదు. తలుపు చట్రం కనబడుతుంది, అందులో నిలబడ్డ మనిషి ముఖం కనబడదు. నడుస్తాడు, మెట్లు దిగుతాడు, కాఫీ కప్పు అందుకుంటాడు. అక్షరం మాత్రం చదవలేడు. కళ్ళ డాక్టరు దీపాలు ఆర్పి, వెలిగించి, ఫొటోలు తీసి, "పోయింది రాదండీ, ఉన్నది ఎంతకాలం ఉంటుందో చెప్పలేను" అన్నాడు. బయట బెంచీ మీద అక్క కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. బావ మాత్రం బావమరిది చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆఫీసులో ఈ ముక్క బయటికి పొక్కిందంటే నీకూ నాకూ మాటల్లేవు. ఒట్టు వెయ్యి."

అతను వేశాడు. వెయ్యకేం చేస్తాడు? ఆ చెయ్యి పట్టు వదల్లేదు.

అప్పటి నుంచి బావ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పనిచేయడం మొదలుపెట్టాడు. తెర మీద ఉన్నదాన్ని కంప్యూటరు గొంతు చదివి వినిపించేది. "ఈ వయసులో పాటల పిచ్చి పట్టిందేమిటండీ గురువుగారికి" అని జనం నవ్వుకున్నారు. ఆ గొంతు ప్రోగ్రాముని అక్షరం పొల్లుపోకుండా చదువుతుంది. దాని గొప్పా అదే, దాని రోగమూ అదే. ఆ భాషలో ఏది మొదలుపెట్టినా ఒక బ్రాకెట్ తెరవాలి, అయిపోగానే ఒకటి మూయాలి. క్లాసుకొకటి, క్లాసులో ఉన్న పనికొకటి, పనిలో పెట్టిన షరతుకొకటి. పెట్టెలో డబ్బా, డబ్బాలో డబ్బీ. తెరిచేటప్పుడు వేటి పేరు వాటికుంటుంది. మూసేటప్పుడు మూతలన్నీ ఒకే రకం. కళ్ళున్నవాడు పంక్తుల వరస చూసి ఏ మూత దేనిదో పోల్చుకుంటాడు. చెవులతో చదివేవాడికి "మూసే బ్రాకెట్, మూసే బ్రాకెట్, మూసే బ్రాకెట్" అని ఒకటే జపం. ఎన్నో మూత దగ్గరున్నాడో ఒక్కసారి లెక్క తప్పాడా, ఇక అంతే సంగతులు.

బావ తప్పాడు. వాహనం అనే క్లాసు లోపల డ్రైవర్ అనే క్లాసుంది. డ్రైవరుకి వారపు సెలవు ఇచ్చే పనిని డ్రైవర్ లోపలే రాస్తున్నాననుకున్నాడు. ఒక మూత దాటేసి రాశాడు. అది వెళ్ళి వాహనంలో పడింది. రాసింది సరిచూసి కంప్యూటరుకి అప్పజెప్పే కంపైలరు కిక్కురుమనలేదు. తెరిచినన్ని మూస్తే చాలు దానికి. మర్నాడు ఒక డిపో మేనేజరు ఫోన్ చేసి, "అయ్యా, మా డ్రైవర్లందరూ డ్యూటీకొచ్చారండీ, బస్సులే సెలవు పెట్టాయి" అన్నాడు.

ఆఫీసంతా పడీపడీ నవ్వింది. ఎవరి పని అని అడిగేసరికి నిదానం లేచి నిలబడ్డాడు.

"నేనేనండీ. బ్రాకెట్ లెక్క తప్పాను."

"బస్సులక్కూడా సెలవిచ్చావా! పుణ్యాత్ముడివయ్యా నువ్వు" అన్నారెవరో. బావ తల వంచుకుని ఇయర్‌ఫోన్ తీగని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం కారులో, "నీ మీద వేసుకోమని నిన్నెవరడిగార్రా" అన్నాడు. ఇల్లు దగ్గరపడుతుంటే తనే, "ఇక మీద నేను రాసింది నువ్వొకసారి చూసి పంపు" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఎంత కష్టమైందో బావమరిదికి తెలుసు.

అక్క పనిచేసేది మందుల షాపులో. మందుల గురించి చులకనగా మాట్లాడే మనిషి కాదు. అలాంటిది ఒకరోజు తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచి, "మీ బావ మందులు మానేసినా బతుకుతాడురా, పని మానేస్తే బతకడు. నువ్వేదో ఒకటి చెయ్యి" అంది. నిదానం ఏదో ఒకటి చేసే రకం కాదు. ఆలోచించి ఒకే ఒకటి చేశాడు.

మూసే బ్రాకెట్‌కి పేరు పెట్టొచ్చని ఒక ప్రతిపాదన తయారుచేశాడు. డ్రైవర్ క్లాసుని మూసేచోట బ్రాకెట్ పక్కన 'డ్రైవర్' అని రాసుకోవచ్చు. ఇష్టమైతేనే, బలవంతం లేదు. రాస్తే మాత్రం కంపైలరు సరిచూస్తుంది, తప్పు మూతకి తప్పు పేరు పెడితే అక్కడే ఆపేస్తుంది. ముందు తన దగ్గరున్న కంపైలరుని కాస్త మార్చి ఇంట్లో బావకి వినిపించాడు. కంప్యూటరు గొంతు చదివింది. "మూసే బ్రాకెట్ సెలవు. మూసే బ్రాకెట్ డ్రైవర్. మూసే బ్రాకెట్ వాహనం."

బావ ముందుకి వంగాడు. "మళ్ళీ పెట్టు." మళ్ళీ పెట్టాడు. "ఇంకోసారి." వింటూ వింటూ బావ చిన్నపిల్లాడిలా నవ్వేశాడు. "ఓరి నీ! ఇన్నాళ్ళూ ఇది మనకెందుకు తట్టలేదురా?"

"అప్పట్లో నీకు కళ్ళున్నాయిగా బావా" అనబోయి ఇతను ఆగిపోయాడు.

కానీ ఇంట్లో పనిచేస్తే సరిపోదు కదా. బావ రాసిన ఫైలుని మిగతావాళ్ళ కంపైలర్లూ ఒప్పుకోవాలి. మిగతావాళ్ళు రాసిన ఫైళ్ళలోనూ పేర్లుండాలి. అంటే ఇది భాషలోకే రావాలి. వస్తే బావ ఇంకా చాలా ఏళ్ళు పనిచేసుకోగలడు. రాకపోతే లేదు. తేలాల్సింది ఆ ఒక్కటే. "కమిటీకి పంపు. నా పేరు మాత్రం ఎత్తకు. బస్సుల సంగతి అందరికీ తెలుసుగా, నీకే అవసరమని చెప్పు" అన్నాడు బావ. అలాగే అన్నాడు ఇతను.

చీటీ ఎవరికి పడిందో మీరీపాటికి ఊహించే ఉంటారు. అధ్యక్షురాలు కూడా ఇబ్బంది పడింది. "మీ ఇద్దరికీ చుట్టరికం కదా. కావాలంటే చీటీ మళ్ళీ తీస్తాను."

"అక్కర్లేదండీ. నేనే అడుగుతాను" అన్నాడు బావ.

ఇంట్లో అక్క అంతెత్తున లేచింది. "ఎవరి వేలితో ఎవరి కన్ను పొడుచుకుంటారండీ?" అనేసి, అన్న మాట తనకే వినబడి నాలుక కరుచుకుంది. బావ మాత్రం గోడవైపు చూస్తూ, బావమరిదితో ఒకే మాటన్నాడు. "అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పు. అంతే." ఇంకేం చెప్పమన్నా చెప్పలేదు.

కమిటీ గది మూడో అంతస్తులో ఉండేది. పొడుగాటి బల్ల, మధ్యలో నీళ్ళ సీసాలు, ఒక మూల ఎప్పుడూ గుర్రుమనే ఏసీ. ఆ గదిలో మీరు తప్ప నువ్వు అనకూడదు, తండ్రీకొడుకులైనా సరే. నిదానం బల్ల చివర నిలబడి తన ప్రతిపాదన చెప్పాడు. చెబుతున్నంతసేపూ బావ కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"మీరు చెప్పిన పని మనం టైపు చేసుకునే ఎడిటర్ చేయలేదా? కర్సర్ పెడితే ఏ బ్రాకెట్ దేనిదో చూపిస్తుందిగా."

"చూపిస్తుందండీ. కానీ ఎడిటరుది అంచనా. ఒక బ్రాకెట్ తప్పిపోతే అదీ తప్పు పేరే చెబుతుంది. నేనడిగేది రాసినవాడు స్వయంగా చెప్పిన పేరు."

"బ్రాకెట్ పక్కన మీ గుర్తుకి ఒక కామెంట్ రాసుకోండి."

"కామెంట్‌ని కంపైలరు చదవదండీ. క్లాసు పేరు మార్చినా కామెంట్ మారదు. ఇల్లు ఖాళీ చేసిపోయినవాడి పేరు గేటు మీద ఉన్నట్టు అలాగే ఉంటుంది."

"అబ్బో! నిదానం పరుగెత్తుతున్నాడే!" అన్నారొకరు. నిజమే, జన్మలో అతను అంత చకచకా మాట్లాడి ఎరగడు. బావ నేర్పిన చదువే బావకి అప్పజెబుతున్నాడు.

"ఇష్టమైనవాళ్ళే రాసుకుంటారని చెప్పి లోపలికొచ్చిన ప్రతిదీ రేపు అందరి నెత్తినా ఎక్కి కూర్చుంటుంది. ఒకే మూతకి రెండు రకాల రాత. కొత్తగా నేర్చుకునేవాడు ఏది పట్టుకోవాలి?" అన్నాడు బావ. ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. బల్ల చుట్టూ తలలు ఊగాయి. ఇతను కొంచెం నీళ్ళు నమిలాడు, అయినా నిలబడ్డాడు. అప్పుడు బావ చివరి ప్రశ్నకొచ్చాడు.

"ఇది లేకపోతే ఎవరి పని ఆగిపోతుంది? ఒక మనిషిని చూపించండి."

"నాదేనండీ" అన్నాడు నిదానం. గదంతా నవ్వింది. "బస్సులకి సెలవుల సంగతి మర్చిపోయారా" అని ఎవరో అందించారు. బావ నవ్వలేదు.

"మీ పని ఆగదు. మీకు ఆలస్యమవుతుంది. ఆలస్యం వేరు, ఆగిపోవడం వేరు. ఇంకెవరు?"

ప్రోగ్రాముల్ని పరీక్షించే విభాగం ఆవిడ చెయ్యెత్తింది. కమిటీలో కొత్తగా చేరిన మనిషి. "నాకొకటి తోస్తోందండీ. చూపు లేనివాళ్ళు చెవులతో వింటారు కదా, వాళ్ళకిది చాలా పనికొస్తుందేమో. మన భాషలో రాసేవాళ్ళలో అలాంటివారు ఎవరైనా ఉన్నారా?"

అధ్యక్షురాలు కలం కింద పెట్టి, "అలాంటి మనిషి ఒక్కరున్నా నేనిప్పుడే చెయ్యెత్తుతాను" అంది.

"ఊహించి చెప్పొద్దు" అన్నాడు బావ. "ఉంటే చూపించాలి." ముఖం బావమరిది వైపు తిప్పాడు. ఎదుటివాడు కనబడాలంటే అతను కొంచెం పక్కకి చూడాలి. ఇతని చెవి పక్కన ఎక్కడో చూపు నిలిపి, ఆ గది నియమం కూడా మర్చిపోయి, "ఇంకెవరున్నార్రా? చెప్పు" అన్నాడు.

నిదానం నోరు తెరిచాడు. డాక్టరు దగ్గర బెంచీ గుర్తొచ్చింది, ఆ చేతి పట్టు గుర్తొచ్చింది. బావ గొంతు బిగుసుకుని ఉంది. అది బెదిరింపనుకున్నాడు. నోరు జారావో చూడు అంటున్నాడనుకున్నాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"ఇంకెవరూ లేరండీ."

చేతులెత్తమంటే రెండే లేచాయి. ఒకటి పరీక్షల ఆవిడది. తోసేసిన విషయాన్ని ఆ భాషకి మళ్ళీ కొత్త పెద్ద వెర్షన్ వచ్చేదాకా బల్ల మీదికి తేకూడదు. ఆ వెర్షన్ రావడానికి ఏళ్ళు పడుతుంది. బావ ఎదురుగా ఉన్న కాగితాలు సర్దుకున్నాడు. వాటి మీద ఏముందో అతనికి తెలియదు.

కింద కార్ల దగ్గర ఎవరూ లేరు. తలుపులు వేసుకుని కూర్చున్నాక నిదానానికి కోపం కట్టలు తెంచుకుంది. బావ మీద అతనికి కోపం రావడం అదే మొదలు.

"అంత ఉతికి ఆరెయ్యాలా బావా? చీటీ మళ్ళీ తీస్తానందిగా ఆవిడ! నీ పీక మీదికి నువ్వే కత్తి తెచ్చుకున్నావు కదా!"

బావ ఒళ్ళో ఉన్న కాగితాలు పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నువ్వు చెబుతావనుకున్నాన్రా."

"ఏం చెబుతాను?"

"నా పేరు."

ఇతనికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టీరింగ్ వదిలేసి బావ వైపు తిరిగాడు.

"నువ్వే కదా వద్దన్నావు! ఒట్టేయించుకున్నావు కదా బావా!"

"వేయించుకున్నాను. చీటీ పడ్డ రోజు అనిపించింది, ఇదే దారి అని. ఇన్నేళ్ళు ఆ గదిలో కూర్చుని అందరి తప్పులూ పట్టినవాణ్ణి. నాకు కనబడట్లేదండీ అని ఆ నోటితో నేనెలా అనను? నోరు రావట్లేదురా. నువ్వంటే అయిపోయేది. నేను తల వంచుకుని కూర్చునేవాణ్ణి, మిగతాది వాళ్ళే చూసుకునేవాళ్ళు. అందుకే అన్నిసార్లు అడిగాను. ఆవిడెవరో దేవతలా దారి కూడా వేసింది."

"ముందు నాతో ఒక్క ముక్క అనుండొచ్చుగా!"

"అనలేకపోయాను. నీతో కూడా అనలేకపోయాను." బావ కిటికీ వైపు తిరిగాడు. "నిన్నేమీ అనట్లేదులే. నువ్వు మాట నిలబెట్టుకున్నావు. పద, ఇంటికి పోదాం."

కారు కదలడానికి చాలాసేపు పట్టింది. మాట నిలబెట్టుకోవడం కూడా మనిషిని ఇంత నాశనం చేస్తుందని అతనికెవరూ చెప్పలేదు. తిట్టినా బాగుండేది. బావ తిట్టలేదు. దారి పొడుగునా ఒక చెయ్యి ఇతని భుజం మీద వేసి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే నిదానం అధ్యక్షురాలి గదికి పరుగెత్తాడు. నిజంగానే పరుగెత్తాడు, జనం తిరిగి చూశారు. ఆవిడ అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. అంతకుముందే బావ ఫోన్ చేసి అంతా చెప్పి, కమిటీలోంచి తప్పుకుంటానన్నాడట.

"నిన్న ఒక్క మాట చెప్పుంటే ఎన్ని చేతులు లేచేవో తెలుసా నీకు?"

"ఇప్పుడు మళ్ళీ పెట్టలేరాండీ?"

"ఎలా పెట్టనయ్యా? ఒకసారి తోసేసింది మనవాళ్ళ కోసం మళ్ళీ తీశామంటే, ఇక బయటివాళ్ళు ఈ కమిటీని నమ్ముతారా? ఆయనకీ అదే చెప్పాను. 'తీస్తానన్నా నేనొప్పుకోనండీ' అన్నారాయన." ఆవిడ ముఖం తిప్పేసుకుంది. "ఆయన్ని ఇంటి దగ్గర్నుంచే పనిచేయమను. చదివిపెట్టడానికి ఎవరైనా ఉంటే…"

ఉన్నాడు కదా, ఇంకెవరు కావాలి. రోజూ పొద్దున్నే ఆఫీసుకి ముందు అక్కా వాళ్ళింటికి వెళ్ళేవాడు. బావ పక్కన కుర్చీ వేసుకుని ప్రోగ్రాము పైకి చదివేవాడు. ప్రతి మూసే బ్రాకెట్ దగ్గరా దాని పేరు తనే చెప్పేవాడు. బావ కళ్ళు మూసుకుని వింటూ, మధ్యలో "ఆగు, అక్కడ" అనేవాడు. ఏం మార్చాలో చెబితే ఇతను టైపు కొట్టేవాడు. మొదట్లో బానే ఉంది. "ఎంత మెల్లగా కొడతావురా, నేను చెప్పింది నేనే మర్చిపోతున్నాను" అని బావ వేళాకోళం చేస్తే, అక్క చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఒకరోజు ఒక చిక్కు దగ్గర ఆగారు. సగంలో డ్యూటీ మారిన డ్రైవరుని ఏ పట్టికలో ఉంచాలన్నది చిక్కు. బావ రెండు దారులు చెప్పి, రెండూ తనే కొట్టిపారేశాడు. వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తూ కాసేపు కూర్చుని, "నీకేమనిపిస్తోంది?" అన్నాడు. ఇన్నేళ్ళలో బావ అతన్ని ఆ మాట అడగలేదు. నిదానం కొంచెం తడబడి, తనకి తోచింది చెప్పాడు. డ్యూటీకే వేరే క్లాసు పెట్టి, డ్రైవరుని దానికి అప్పజెప్పడం. బావ మళ్ళీ చెప్పించుకుని విన్నాడు.

"నాకు తట్టలేదురా ఇది" అన్నాడు. "బాగుంది. రాసెయ్."

అతను రాయడం మొదలుపెట్టాడు. బావ ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. కీబోర్డు చప్పుడు తప్ప ఆ గదిలో ఇంకేం లేదు. రాయడం పూర్తయి తలెత్తేసరికి, బావ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చుని ఉన్నాడు.

మర్నాడు వెళ్ళేసరికి కంప్యూటరు మీద దుప్పటి కప్పి ఉంది. బావ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బాల్కనీలో కూర్చున్నాడు. కింద వీధిలో స్కూలు బస్సు వెనక్కి తీస్తూ కూత పెడుతోంది.

"ఏంటి బావా, లే. ఆలస్యమవుతోంది."

"ఇక చాల్లేరా. నీ పని నువ్వు చూసుకో."

"ఏమైంది? నిన్న నేనేమైనా…"

"నిన్న నువ్వు బాగా చేశావు. అదే అయింది."

"నాకు నువ్వు కావాలి బావా. నువ్వు పక్కన లేకపోతే నాకు చేతకాదు."

"నీకు నేను కావాల్రా. పనికి అక్కర్లేదు. రెండూ ఒకటి కాదు."

నిదానం పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. చెప్పాల్సిన మాటలు ఎన్నో ఉన్నాయి. ఆ రోజు ఆ గదిలో ఒక్క పేరు, నాలుగు అక్షరాలు, చెప్పేసి ఉంటే ఈ మనిషి ఇలా పొద్దున్నే తయారై ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చునేవాడు కాదు. బావకి కనబడదు కదా అని, చప్పుడు చేయకుండా, కన్నీళ్ళు తుడుచుకోకుండా వదిలేశాడు. చిన్నప్పుడు కూడా అతను అంతలా ఏడ్చింది లేదు.

బావ వీధి వైపే చూస్తూ జేబులోంచి చేతిరుమాలు తీసి పక్కకి చాచాడు.

"ముక్కు ఎగపీల్చకురా, వినబడుతోంది."

లోపల్నుంచి అక్క కాఫీ చల్లారిపోతోందని పిలిచింది. ఇద్దరూ లేవలేదు.